పిల్లలు–చదువులు: ‘వెరీ గుడ్’ అన్నా కదలడం లేదెందుకు?

(శీర్షిక నిర్వహణ: కర్నూలు జిల్లా పడమటి మండలాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన టీచరమ్మ)

ఈ నెల ఉత్తరాలు చానావరకు ఒకే సంగతి మీద వచ్చాయి. పిల్లల్ని ఎప్పుడు మెచ్చుకోవాలి, ఎట్లా మెచ్చుకోవాలి, ఎంతవరకు మెచ్చుకోవాలి అని. అందుకని ఫీజులు, ట్యూషన్ల ప్రశ్నల్ని వచ్చే నెలకు ఉంచి, ఈ ఐదు ఉత్తరాలకు తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికై, ఆదోని దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పిల్లల్ని తిట్టకుండా, మెచ్చుకుంటూ చదువు చెప్పాలని మొదటినుంచీ నా కోరిక. జవాబు చెప్పిన ప్రతివాళ్లనూ ‘వెరీ గుడ్’, ‘సూపర్’ అంటాను. నోటు పుస్తకంలో స్టార్ వేస్తాను, చప్పట్లు కొట్టిస్తాను. మొదట్లో తరగతి అంతా హుషారుగా ఉండేది. ఇప్పుడు స్టార్ వేసినా ఎవరూ పట్టించుకోరు. చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ నలుగురే. వెనక బెంచీల వాళ్లు, సుగ్గికి (కోత పనుల వలసకు) పోయొచ్చిన పిల్లలు తల పైకెత్తరు. ‘వీళ్లకు బెత్తమే మందు’ అని తోటి టీచర్లు అంటున్నారు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక ఉపాధ్యాయిని, ఆదోని

జవాబు: అమ్మా, తిట్టకూడదన్న మీ నిర్ణయం మంచిది. ఎవరు ఏమన్నా దాన్ని వదులుకోవద్దు. బెత్తం గురించి మాట్లాడేవాళ్లకు వందేళ్ల నాటి సంగతి ఒకటి చెప్పండి. 1925లో అమెరికాలో ఎలిజబెత్ హర్లాక్ అనే ఆమె నాలుగు, ఆరు తరగతుల పిల్లల్ని సమానమైన గుంపులుగా చేసి, ఐదు రోజులు కూడిక లెక్కలు చేయించింది. ఒక గుంపును రోజూ అందరి ముందూ పేరుపేరునా మెచ్చుకున్నారు. ఇంకో గుంపును అట్లాగే అందరి ముందూ మందలించారు. మూడో గుంపు అదే గదిలో కూర్చుని ఇదంతా వింటుంది కానీ వాళ్లను ఎవరూ ఏమీ అనరు. మరో గుంపును వేరే గదిలో ఉంచారు. తిట్లు తిన్నవాళ్లు మొదట కొంచెం మెరుగయ్యారు, తర్వాత దిగిపోయారు. మెచ్చుకున్నవాళ్లు చివరిదాకా పైకే వెళ్లారు. మీ తోటివాళ్లు చూస్తున్నది ఆ మొదటిరోజు మెరుగునే.

మీకు పనికొచ్చేది ఆ మూడో గుంపు. అదే గదిలో ఉండి, పక్కవాళ్లకు దక్కే మెప్పు వింటూ, తమకు మంచీ చెడూ ఏదీ దక్కనివాళ్లు. వాళ్లు తిట్లు తిన్నవాళ్లంత కూడా ముందుకు పోలేదు. మీ వెనక బెంచీల్లో కూర్చున్నది వాళ్లే. మీరు చప్పట్లు కొట్టించినప్పుడల్లా, ఆ చప్పట్లు తమకు కావని వాళ్లు మరోసారి వింటున్నారు.

ఇక స్టార్ల సంగతి. ‘సూపర్’ అన్న మాటలో పిల్లవాడికి తెలిసేది ఏముంది? టీచరు సంతోషంగా ఉన్నారని తెలుస్తుంది. తాను ఏం సరిగ్గా చేశాడో తెలియదు. రేపు అదే పని మళ్లీ ఎట్లా చేయాలో అంతకన్నా తెలియదు. ఒక నోటు పుస్తకం తెరవండి. 2/3, 1/4 కూడమని ఇచ్చారు. పిల్ల హారం 12 చేసింది కానీ పైనున్న అంకెలు మార్చకుండా 2, 1 అట్లాగే ఉంచి 3/12 అని రాసింది. చానామంది టీచర్లు అక్కడ అడ్డంగా ఎర్రగీత కొడతారు. ఆ గీత పక్కన ఈ రెండు ముక్కలు రాయండి: ‘క.సా.గు. 12 అని సరిగ్గా పట్టుకున్నావు. హారం నాలుగింతలైతే పైనున్న 2 ఎంత కావాలి?’ ఆ పిల్ల ఇంటికి పోయి 8/12, 3/12 అని రాసుకుని 11/12 తెచ్చుకుంటుంది. లెక్క తప్పయినా మెచ్చుకోవచ్చు. ఎంతవరకు సరిగ్గా వచ్చిందో చూడాలి, అంతే.

ఇంతమందికి అట్లా రాయడానికి టైమెక్కడిదని మీరు అడుగుతారు. రోజూ అందరికీ అక్కర్లేదు. రోజుకు ఐదు పుస్తకాలు తీసుకోండి. తరగతి పేర్ల జాబితా ఒకటి రాసి పెట్టుకుని, రాసినవాళ్ల పేరు ఎదుట టిక్కు పెట్టండి. వారం తిరిగేసరికి టిక్కు లేని పేర్లు కొన్ని కనబడతాయి. ఆ పేర్లు చదివితే ఒక్కోసారి ఆ పిల్లల ముఖాలు కూడా మనకు గుర్తుకు రావు. నేను పనిచేసిన బళ్లలో ఆ జాబితాను అటెండెన్సు రిజిస్టరుతో సమానంగా చూసుకునేదాన్ని. తల ఎత్తని పిల్లలు ఎవరన్నది ఆ జాబితాయే చెబుతుంది.

సుగ్గి పిల్లల గురించి రాయకుండా ఉండలేను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆస్పరి వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప చేలకు పోతాయని మీకు తెలుసు. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్ల ఎండల్లో తిరిగొస్తుంది. వేళ్లు ఇంకా మండుతుంటాయి. నెలల పాఠాలు పోయి ఉంటాయి. ఆ పిల్లను గుమ్మంలోనే ‘ఇన్నాళ్లు యాడికి పోయినావు?’ అని అడిగే మాట మన బళ్లలో ఇంకా ఉంది. ఆ మాట మానేయండి. మా బడిలో అట్లా తిరిగొచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, కూలికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సులో ఎంత తెగిందో, ఎంత మిగిలిందో నోటితోనే చెప్పేది. కిలోల లెక్కన కూలి, రోజుకు ఎన్ని కిలోలు, వారానికి తిండి ఖర్చు, అన్నీ కలిపి. ఆ లెక్కనే బోర్డు మీద వేయమన్నాను. వేసింది. ‘ఈ లెక్కలో ఆమె శాతం ఎక్కడ కట్టిందో మీలో ఎవరికి కనబడింది?’ అని తరగతిని అడిగాను. బోర్డుకేసి చూడని పిల్లలు లేరు. ఆమెను తెలివైనదానివని అనలేదు, పాపమనీ అనలేదు. చేసిన పని ఏమిటో చెప్పాను. ఆ పిల్ల పదోది ఒక్కసారికే గట్టెక్కలేదు, లెక్కలు సప్లిమెంటరీ రాసి పాసయింది. కానీ బడి మానలేదు. మన మండలాల్లో అది చిన్న విషయం కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

చెయ్యెత్తే ఆ నలుగురి విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చారు. పూర్తయ్యాక కొందరితో ‘నువ్వు చానా తెలివిగల పిల్లవు’ అన్నారు. ఇంకొందరితో ‘బాగా కష్టపడి చేసినట్టున్నావు’ అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత ఎవరికీ కొరుకుడు పడని కష్టమైన పజిల్స్ ఇచ్చి, ఆపైన మళ్లీ మొదటి వాటిలాంటి తేలికైనవే ఇచ్చారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే బాగా చేశారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇంకోటి. మీకెన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాసి పంపండి అంటే, తెలివిని మెచ్చుకున్న గుంపులో పదిమందికి దాదాపు నలుగురు మార్కులు పెంచి రాశారు. తెలివైనవాడన్న పేరు ఒకసారి వచ్చాక దాన్ని కాపాడుకోవడమే పిల్లవాడికి పెద్ద పని అయిపోతుంది. కష్టమైన లెక్క జోలికి పోడు. ఆ నలుగురికి ఇకమీదట తేలికైన లెక్కకు ఏ మెప్పూ ఇవ్వకండి. తప్పు చేసి, తానే పట్టుకుని దిద్దుకున్న రోజు తప్పకుండా చెప్పండి.

అట్లాగని ప్రతిదానికీ ‘కష్టపడ్డావు’ అనడమూ సరికాదు. తప్పుదారిలో గంటసేపు కూర్చున్న పిల్లవాడికి కావాల్సింది దారి. ‘ఇంతసేపు వదలకుండా కూర్చున్నావు, ఇప్పుడు ఈ మెట్టు దగ్గర ఇట్లా చేసి చూడు’ అని రెండూ కలిపి చెప్పాలి.

చప్పట్లు పూర్తిగా మానక్కర్లేదు, తగ్గించండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్లో చానామందికి అందరి చూపూ తమ మీద పడటం ఇష్టం ఉండదు. బడి వదిలాక గేటు దగ్గర నెమ్మదిగా చెప్పిన ఒక్క మాటే వాళ్లకు ఎక్కువ.

ఇంకొకటి. కష్టమైన పనిని నమ్మి అప్పజెప్పడాన్ని మించిన గుర్తింపు లేదని నా నమ్మకం. మీ ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షకు ఎవరి పేర్లు పంపుతున్నారు? ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ ఎస్టీ పిల్లలైతే 50 శాతం వచ్చి ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మన బళ్లలో మొదటి ఇద్దరు ముగ్గురి చేత రాయించి సరిపెట్టుకుంటారు. అర్హత ఉండీ, తనకు ఆ అర్హత ఉందని తెలియని పిల్లను పిలిచి ‘నీ పేరు పంపుతున్నా, రోజూ బడి అయ్యాక అరగంట ఉండు’ అనండి.

ప్రశ్న: టీచరమ్మా, మా పాప ప్రొద్దుటూరులో ఆరో తరగతి. బొమ్మలు బాగా వేస్తుంది. పిల్లల్ని ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందని మా అత్త ఒప్పుకోదు. మా ఆయన బంగారు అంగట్లో లెక్కలు రాస్తారు. ప్రోగ్రెస్ కార్డు చూడకుండానే సంతకం పెడతారు, ఏనాడూ బాగుందని అనలేదు. పాప చిన్నబుచ్చుకుంటుందేమోనని నేనే ఏం చేసినా ‘అద్భుతం, ఇట్లా ఎవరూ వేయలేరు’ అంటుంటాను. మొన్న అది ‘నువ్వు అన్నిటికీ అట్లే అంటావులేమ్మా’ అనింది. ఏం చేయాలి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: తల్లీ, ముందు పాప జేజి, అదే మీ అత్త సంగతి చెబుతాను. ఆమెతో వాదన పెట్టుకోవద్దు. పుట్టిన పిల్లల్లో సగంమంది దక్కుతారో లేదో తెలియని కాలం నుంచి వచ్చిన భయం అది. అమ్మవారు పోసి, వాంతులు విరేచనాలు పట్టి, నిన్న ఆడుకున్న పిల్ల ఈరోజు లేకుండా పోయిన ఇళ్లు అవి. అట్లాంటి ఇళ్లల్లో బిడ్డ బాగుందని పైకి అనడానికి కూడా భయపడేవాళ్లు. ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసే చేతిలో ప్రేమ ఉంది, అది మీ పాపకూ తెలుసు. ఆమెను ఆమె పద్ధతిలో ఉండనివ్వండి. ఒక్కటి మాత్రం అడగండి: పాప రోజూ సాయంత్రం తన తెలుగు వాచకంలో ఒక పాఠం జేజికి చదివి వినిపిస్తుంది, జేజి మధ్యలో లేవకుండా వినాలి. పొగడక్కర్లేదు. ‘ఆపైన ఏమాయె?’ అని జేజి అడిగితే చాలు.

మీ అద్భుతాల మాటకు వద్దాం. పాప మీకు నిజమే చెప్పింది. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమ్మెల్మన్, ఆయన తోటివాళ్లు 2014లో దీన్ని పరీక్షించారు. పిల్లల చేత ఒక బొమ్మ చూసి వేయించి, కొందరికి ‘బాగా వేశావు’ అనీ, కొందరికి ‘నమ్మలేనంత అద్భుతంగా వేశావు’ అనీ రాసి ఇచ్చారు. తర్వాత తేలిక బొమ్మలు, కష్టమైన బొమ్మలు ముందు పెట్టి, మీకు నచ్చినవి వేయండి అన్నారు. తమ మీద తమకు అంతగా నమ్మకం లేని పిల్లలు, ఆ పెద్ద పొగడ్త విన్నాక తేలిక బొమ్మలే ఎంచుకున్నారు. అంత ఎత్తున కూర్చోబెట్టాక మళ్లీ అంత బాగా రాకపోతే ఎట్లా అన్న బెదురు. అమ్మలం మనం నమ్మకం తక్కువైన పిల్లలకే ఎక్కువ పొగడ్త పోస్తాం, వాళ్ల మేలు కోరే పోస్తాం. ఇకనుంచి బొమ్మ తేగానే ఏమీ అనకుండా ఒక నిమిషం చూడండి. తర్వాత ఒక ప్రశ్న వేయండి. ‘ఈ చెట్టు నీడ ఇటుపక్కకు వేసినావు, సూర్యుడు యాడున్నాడు?’ పాప చెబుతుంది. చెబుతున్నప్పుడు దాని ముఖం చూడండి. బొమ్మ గోడకు అంటించేటప్పుడు కూడా ఏది అంటించాలో దాన్నే ఎంచుకోనివ్వండి.

మీ ఆయన ‘భలే’ అనే మనిషి కాకపోతే ఆ మాట కోసం ఒత్తిడి పెట్టొద్దు. బలవంతాన అన్న మాట పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఆయన లెక్కలు రాసే మనిషి కదా, ఇంటి నెల ఖర్చుల పద్దు పాప చేత రాయించి, కూడిక ఆయన్ను సరిచూడమనండి. తప్పు లేకపోతే కింద సంతకం పెట్టమనండి. నాయన సంతకం చూడకుండా పెట్టినదానికీ, ప్రతి వరుసా చూసి పెట్టినదానికీ ఉన్న తేడా ఆరో తరగతి పిల్లకు తెలుసు. బడిలో సమావేశం పెట్టిన రోజు అంగడికి సెలవు అడిగి రమ్మనండి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా, మీ జిల్లాలో కడప మున్సిపల్ హైస్కూలుకు ఉపముఖ్యమంత్రి వచ్చారు. నేను మా పాత బడికి పోయి కూర్చున్నాను. కూలి మానుకుని వచ్చిన తండ్రులు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటే, ఆ పిల్లలు ‘మా నాయన వచ్చినాడు’ అని పక్కవాళ్లకు వేలు పెట్టి చూపించుకున్నారు. ఆ నాయనలు ఎవరూ పిల్లల్ని పొగడలేదు, ఊరికే వచ్చి కూర్చున్నారు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. అనంతపురంలో ప్రైవేటు హైస్కూలు నడుపుతున్నాను. పదో తరగతి ఫలితాలు రాగానే మొదటి పది మంది ఫొటోలతో ఫ్లెక్సీ కట్టిస్తాం. ప్రతినెలా ‘స్టార్ ఆఫ్ ది మంత్’ ఇస్తాం. వార్షికోత్సవంలో ర్యాంకులవారీగా షీల్డులు. ఈ ఏడు కొందరు తల్లిదండ్రులు నిలదీశారు: ‘ఎల్‌కేజీ నుంచి మీ దగ్గరే చదువుతోంది, మా పిల్లకు ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కే రాత లేదా?’ అని. అందరికీ కప్పులిస్తే విలువ పోతుంది. ఇవ్వకపోతే గొడవ. మీ సలహా కావాలి.
– ఒక కరస్పాండెంట్, అనంతపురం

జవాబు: సార్, అందరికీ కప్పులివ్వద్దు. ఊరికే వచ్చిన కప్పును పిల్లలే లెక్కచేయరు. బాగా చదివినవాళ్లకు షీల్డు ఇవ్వడంలో తప్పు లేదు, వాళ్ల కష్టం వాళ్లది. ఆ తల్లిదండ్రులు అడిగింది మాత్రం న్యాయమైన మాట. మీ బడి ఏడాది పొడవునా ఒకే ఒక్క సంగతిని చూస్తోంది. ఎవరు ముందున్నారు అన్నదాన్ని. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిచారన్నది చూడటం లేదు.

మా జిల్లా ఉదాహరణే చెబుతాను. 2024 పదో తరగతి ఫలితాల్లో కర్నూలు జిల్లా 62.47 శాతంతో 26 జిల్లాల్లో చిట్టచివర నిలిచింది. పార్వతీపురం మన్యం 96.37తో మొదటిది. ఆ వారమంతా పత్రికల్లో మా జిల్లాది చివరి స్థానమనే రాశారు, రాయాల్సిందే. కానీ ఆ 62 శాతంలో, నెలల తరబడి మిరప చేలలో ఉండి తిరిగొచ్చి పాసైన పిల్లలున్నారు, తల్లిదండ్రులు వలసపోతే సీజనల్ హాస్టల్లో ఉండి చదివి పాసైన పిల్లలున్నారు. సబ్జెక్టుకు 35 మార్కులతో గట్టెక్కిన అట్లాంటి పిల్ల నడిచిన దూరం, మొత్తం 600కు 580 తెచ్చుకున్న పిల్ల నడిచినదాని కంటే ఎక్కువ. ర్యాంకుల జాబితాలో ఆ దూరం ఎక్కడా పడదు.

మీ బడిలో ప్రతి పిల్లకూ క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ మార్కులున్నాయి కదా. పిల్లను పిల్లతో పోల్చకుండా, తన మార్కులతోనే పోల్చండి. లెక్కల్లో 18 నుంచి 41కి వచ్చిన పిల్లవాణ్ణి స్టేజీ మీదికి పిలవండి. మార్కులకు బయట జరిగేవి ఇంకా చానా ఉన్నాయి. మడకశిర, రాయదుర్గం వైపు నుంచి కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలు వచ్చి చేరితే, వాళ్లకు పాఠం అర్థమయ్యేలా పక్కన కూర్చుని చెప్పే పిల్ల ఉంటుంది. సెలవులో ఉన్న స్నేహితుడికి రోజూ నోట్సు రాసిపెట్టేవాడు ఉంటాడు. ఇవి మీకు టీచర్ల కంటే ముందు ఆయమ్మ చెబుతుంది, బస్సు డ్రైవరు చెబుతాడు, తరగతి పిల్లలే చెబుతారు. వాళ్లను అడగండి.

స్టేజీ మీద ఏమిచ్చారన్నదాని కంటే ఏం చదివారన్నదే ముఖ్యం. పేరు పిలిచి, కప్పు చేతిలో పెట్టి, ఫొటో తీసి పంపించేస్తే ఆ పిల్ల ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. క్లాస్ టీచరు చేత రెండే రెండు వాక్యాలు రాయించి మైకులో చదివించండి. ఫలానా పిల్ల ఫలానా పని ఇట్లా చేసింది అని. ఆ కాగితాన్నే ఫ్రేము కట్టించి ఇవ్వండి. షీల్డు కంటే తక్కువ ఖర్చు, అయినా ఆ ఇంట్లో దేవుని పటాల పక్కన పెట్టుకుంటారు.

ఒక హెచ్చరిక. లైబ్రరీ పుస్తకాలు చదవడం, బొమ్మలు వేయడం, మొక్కలు పెంచడం లాంటివి పిల్లలు తమంతట తాము ఇష్టంగా చేస్తున్నప్పుడు, వాటికి ముందుగా బహుమతి ప్రకటించవద్దు. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో, రంగు పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసే చిన్నపిల్లలకు లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. కొన్నాళ్ల తర్వాత అవే పెన్నులు బల్ల మీద పెడితే, సర్టిఫికెట్ ఆశతో వేసిన పిల్లలు మిగతావాళ్లలో సగంసేపే వాటితో గడిపారు. ముందు చెప్పకుండా, వేశాక హఠాత్తుగా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లలకు ఆ నష్టం జరగలేదు. కాబట్టి మంచి పని జరిగాక గుర్తించండి, పందెం కాయకండి.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. మార్కులను బట్టి సెక్షన్లు చేసి, ఒక సెక్షన్‌ను స్టాఫే ‘డల్ బ్యాచ్’ అని పిలిచే అలవాటు మీ బడిలో ఉందా? ఉంటే వార్షికోత్సవం కంటే ముందు అది పోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఏడాదిలో ఒకరోజు స్టేజీ ఎక్కించి, తక్కిన అన్ని రోజులూ ఆ పేరుతో పిలిస్తే పిల్లలు ఏది నమ్ముతారు?

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరైనాను. మా మనవడికి పరీక్షల్లో మార్కుకు పది రూపాయలు ఇస్తున్నాను. మొదట బాగా చదివినాడు. ఇప్పుడు ‘హోంవర్క్ చేస్తే ఎంతిస్తావు తాతా?’ అంటున్నాడు. ఇవ్వాలా, మానాలా?
– ఒక తాత, గుంతకల్లు

జవాబు: అన్నా, మాట ఇచ్చినదాకా ఇచ్చేయండి. తర్వాత మానేస్తున్నానని వాడితో ఎదురుగా కూర్చుని చెప్పండి, మాటల్లో పెట్టి దాటేయొద్దు. ఆ డబ్బుకు బదులు మీ సమయం ఇవ్వండి. సిగ్నల్ ఎట్లా పడుతుంది, ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురుపడకుండా ఎట్లా చూస్తారు, గుంతకల్లు జంక్షన్‌లో ఎన్ని దారులు కలుస్తాయి, ఇవన్నీ మీకు తెలుసు. హోంవర్క్ అయిన రోజు ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని వాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోండి. కాని రోజు కూడా అప్పుడప్పుడు తీసుకుపోండి.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలులో పదో తరగతి చదువుతున్నా. మా లెక్కల సార్ ఎప్పుడూ నా పక్కన కూర్చునే నా ఫ్రెండ్‌నే మెచ్చుకుంటారు. నాకూ దాదాపు అవే మార్కులొస్తాయి. నా పేపరు ఇచ్చేటప్పుడు ‘నువ్వు కూడా ఆమెలా నీట్‌గా రాయి’ అంటారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పుస్తకం తీయబుద్ధి కావడం లేదు. ఆమె ఏ తప్పూ చేయలేదని తెలిసినా ఆమె మీద కోపం వస్తోంది. నేను చెడ్డదాన్నా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: కాదు బిడ్డా. చేసిన పనిని ఎవరో ఒకరు చూడాలనుకోవడం ఆశపోతుతనం కాదు. నీ వయసులోనే కాదు, నా వయసులో కూడా అది ఉంటుంది. మీ సార్ నిన్ను ఇంకొకరితో పోల్చకుండా ఉండాల్సింది. ఆయన చెడ్డవారని నేననుకోను. పేపర్ల కట్ట ముందర పెట్టుకున్నప్పుడు ఎప్పుడూ కనబడే పేరే కంటికి ముందు ఆనుతుంది.

అందుకని నువ్వే ఆయన కంట పడాలి. రేపు ఇంటర్వెల్‌లో నీ పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకు పో. ‘సార్, నన్ను మెచ్చుకోవడం లేదు’ అనొద్దు. ఒక లెక్క చూపించి, ‘సార్, ఈ త్రికోణమితి లెక్కలో జవాబు వచ్చింది, కానీ మెట్లు ఎక్కువైనట్టున్నాయి, ఎక్కడ తగ్గించాలి?’ అని అడుగు. అంత కచ్చితంగా అడిగితే ఆయన నీ పేపరు చదవక తప్పదు. చదివాక ఏదో ఒకటి చెబుతారు. వారం తర్వాత ఆయన చెప్పినట్టు చేసిన ఇంకో లెక్క తీసుకుపోయి చూపించు. ఆయన తీరిక లేదంటే నొచ్చుకోవద్దు, ఫిజిక్స్ చెప్పేవాళ్ల దగ్గరికి పో. బడిలో చదివి చూసే టీచరు ఒక్కరైనా దొరుకుతారు.

నీ ఫ్రెండ్‌తో ఈ మాట మాట్లాడు. కోపం దాచుకుంటే ఇద్దరూ నష్టపోతారు. పబ్లిక్ దాకా వారానికొకసారి ఇద్దరూ పేపర్లు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దండి, ఒక్కో పేపరు కింద బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి రాయండి. ఆమె రాత నీట్‌గా ఎందుకు ఉంటుందో నీకు తెలుస్తుంది. నీ దగ్గర ఆమె నేర్చుకోవాల్సింది ఏముందో ఆమె చెబుతుంది, ఉండకుండా ఉండదు.

నోటు పుస్తకం వెనకాల ఒక పేజీ నీకోసం ఉంచుకో. పోయిన నెల రానిది, ఈ నెల వచ్చినది ఏదో తేదీ వేసి రాసుకో. వర్గ సమీకరణాలు, శ్రేఢులు, వృత్తాలు, ఏదైనా సరే.

ఇంకా ఒక పని చెయ్. నీ ప్రీఫైనల్ లెక్కల పేపరు జిరాక్స్ తీసి ఈ పత్రిక చిరునామాకు నా పేరున పంపు. పేరు రాయడం ఇష్టం లేకపోతే రాయొద్దు, తిరుగు చిరునామా ఒక్కటి ఉంటే చాలు. ప్రతి లెక్కా చదివి, పక్కన రాసి, పరీక్షల లోపే నీకు చేరేటట్టు తిప్పి పంపుతాను.